జపనీస్‌ని తెలుగులోంచి చదవండి

[తెర మీద రెండు వాక్యాలు, ఒకదాని కింద ఒకటి:
నిన్న కొన్న పుస్తకం ఇక్కడ ఉంది.
కినో కత్త హొన్ వ కొకొ ని అరు.]

నమస్కారం అండీ. ఈ రెండు వాక్యాలూ ఒకసారి చదవండి. నిన్న, కినో. కొన్న, కత్త. పుస్తకం, హొన్. ఇక్కడ, కొకొ. ఉంది, అరు. మధ్యలో "వ", "ని" అనే రెండు చిన్న ముక్కలు తప్ప, మాటల వరస అదే. ఇదే వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చాలంటే తల దగ్గరిది కాళ్ల దగ్గరికి, కాళ్ల దగ్గరిది తల దగ్గరికి తేవాలి. మనవాళ్లు మాత్రం జపనీస్ పాఠాన్ని ముందు ఇంగ్లీషులోకి, ఆ తర్వాత తెలుగులోకి తిప్పుకుంటారు. నేనూ మొదటి ఏడాదంతా అలాగే అవస్థపడ్డాను. డిగ్రీలో జపనీస్ తీసుకోవాలనుకుంటున్న మీరు ఆ చుట్టుదారి పట్టకండి.

[తెర మీద: అ ఇ ఉ ఎ ఒ / క స త న హ మ య ర వ]

ఇది జపనీస్ అక్షరాల వరస. మన వర్ణమాలలా అనిపిస్తోంది కదా? దాని వెనక కథ ఉంది. బౌద్ధ భిక్షువులు జపాన్‌లో సంస్కృత మంత్రాల కోసం సిద్ధం అనే లిపి నేర్చుకున్నారు. ఆ చదువు ప్రభావంతోనే ఈ వరస ఏర్పడింది. మరి మన "ప" ఉండాల్సిన చోట "హ" ఎందుకుంది? పాతకాలపు జపనీస్‌లో ఆ శబ్దం "ప" కాబట్టి. ఆ గుర్తు లిపిలో ఇంకా ఉంది. "క" మీద రెండు చిన్న గీతలు పెడితే "గ" అవుతుంది, "త" మీద పెడితే "ద". అదే లెక్కన "హ" మీద పెడితే "బ" వస్తుంది! చిన్న సున్నా పెడితే "ప". మా టీచర్ బోర్డు మీద ఆ సున్నా చుట్టిన రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

ఉచ్చారణలోనూ మనకు కలిసొచ్చేది ఉంది. "ఒబసన్" అంటే అత్తో పిన్నో, "ఒబాసన్" అంటే నాయనమ్మో అమ్మమ్మో. "కితె" అంటే వచ్చి, "కిత్తె" అంటే తపాలా బిళ్ల. దీర్ఘం, ద్విత్వం మన నోటికి కొత్త కాదు.

ఇక క్రియలు చూడండి. "తబెతె మిరు": తిని చూడు. "మిరు" అంటే నిజంగానే చూడటం. "త్సుకుత్తె ఒకు": చేసి పెట్టు. "ఒకు" అంటే పెట్టడమే. ఇవి చూసి రెండూ అన్నదమ్ముల భాషలని అనుకోకండి. ఓనో సుసుము అనే జపాన్ పండితుడు తమిళానికీ జపనీస్‌కీ చుట్టరికం ఉందని వాదించారు గానీ, భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. చుట్టరికం లేకపోయినా పోలిక మనకు పనికొస్తుంది.

కష్టం కాంజీ, అంటే చైనా నుంచి తెచ్చుకున్న అక్షరాల దగ్గర మొదలవుతుంది. నిత్య వాడుకకని 2010లో సవరించిన అధికారిక జాబితాలోనే 2136 కాంజీలున్నాయి. పైగా ఒక్కోదానికి రెండు మూడు ఉచ్చారణలు.

[తెర మీద: నీటి కాంజీ, పెద్దగా]

దీన్ని విడిగా "మిజు" అని చదువుతారు. కుళాయి నీటి వ్యవస్థను చెప్పే "సుయిదో"లో అదే అక్షరం "సుయి" అవుతుంది. మొదటిది వాళ్ల సొంత మాట, రెండోది చైనా నుంచి వచ్చింది. మనం విడిగా "నీళ్లు" అంటాం, సమాసంలోకి వెళ్లేసరికి "జలపాతం", "జలాశయం" అంటాం. తత్సమం, దేశ్యం అని బళ్లో చదువుకున్నది ఇక్కడ అక్కరకొస్తుంది.

మర్యాద గురించి కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే సంస్కృతి పాఠం అసలు ఇక్కడే ఉంది. ఎదుటివాళ్లు మాట్లాడితే "ఒస్షరు", మనం వినయంగా చెబితే "మోసు". వాళ్లు సెలవిచ్చారు, మేము మనవి చేసుకున్నాం అన్నట్టే. జపాన్‌లో ఏ కొట్టులోకి అడుగుపెట్టినా వినిపించే "ఇరస్షైమసె"కి "దయచేయండి" కన్నా దగ్గరి మాట నాకు దొరకలేదు. కానీ ఒక్కచోట మనవాళ్లందరూ పొరబడతారు. మనం బయటివాళ్లతో "మా నాన్నగారు" అంటాం, అనకపోతే తప్పు. అక్కడ బయటివాళ్ల ముందు సొంత తండ్రిని "చిచి" అని మాత్రమే అనాలి, గౌరవం చేర్చకూడదు. ఆఫీసులోనూ అంతే. బయటి కంపెనీవాళ్లు ఫోన్ చేస్తే తన పై అధికారి పేరుకి మన "గారు" లాంటి "సన్" తగిలించరు. ఇంట్లోవాళ్లు "ఉచి", బయటివాళ్లు "సొతొ". ఎవరు ఎటువైపున్నారో చూసుకుని మాట మారుతుంది. ఇది నాలుక్కి అలవాటు కావడానికి నాకు వ్యాకరణం కంటే ఎక్కువ కాలం పట్టింది.

జేఎల్‌పీటీ, అంటే జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష రాస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. ఎన్5 నుంచి ఎన్1 దాకా మెట్లున్న ఆ పరీక్ష ఉద్యోగానికి అవసరమే, రాయండి. అయితే అందులో మాట్లాడే పరీక్ష లేదు, వ్యాసం రాయించరు. విశ్వవిద్యాలయంలో పాత జపనీస్, చరిత్ర, సాహిత్యం చదివిస్తారు. మన కృష్ణా తీరంతో పేరు ముడిపడ్డ ఆచార్య నాగార్జునుణ్ణి జపాన్ బౌద్ధ శాఖలు "ర్యూజు" అనే పేరుతో మూలగురువుల్లో ఒకరిగా ఎందుకు కొలుస్తాయో తెలిసేది ఇలాంటి చదువులోనే.

హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో, ఢిల్లీ జేఎన్‌యూలో, శాంతినికేతన్ విశ్వభారతిలో జపనీస్ బోధిస్తారు. ఈ ఏడాది ఏ కోర్సుకి సీట్లున్నాయో వాళ్ల ప్రకటనలోనే చూసుకోండి. డిగ్రీలో జపనీస్ ప్రధానాంశంగా చదివేవాళ్లకి జపాన్ ప్రభుత్వపు మెక్స్ట్ స్కాలర్‌షిప్పుల్లో ప్రత్యేకంగా ఒకటుంది. ఎంపికైతే సుమారు ఏడాదిపాటు అక్కడి విశ్వవిద్యాలయంలో భాష, సంస్కృతి చదవొచ్చు. మొదటి ఏడాదిలోనే మీ శాఖలో దాని గురించి అడిగి ఉంచుకోండి.

[తెర మీద ఖాళీ నోటుబుక్కు]

ఈ రాత్రి మీ ఇంట్లో వినిపించిన "చేసి చూడు", "చెప్పి పెట్టు" లాంటి మాటలు ఓ పది రాసుకోండి. వచ్చే వీడియోలో వాటినే జపనీస్‌లోకి మారుద్దాం.