బ్రోషర్‌లో ఐదు నిమిషాలు

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్లకుండా నా మాట వినడానికి వచ్చారు. అందుకని నేరుగా విషయంలోకి వెళ్లిపోతాను: ఇల్లు కొనేముందు చుట్టుపక్కల బళ్లని ఎలా చూడాలి.

నేను ముప్ఫై ఒక్కేళ్లు ప్రైమరీ స్కూల్ టీచర్ని, అందులో చివరి ఎనిమిదేళ్లు హెచ్‌ఎంని. స్థలాల ధరల గురించి నాకు తెలిసింది తక్కువ. కానీ ఇల్లు చూసుకోవడానికి వచ్చినవాళ్లు మా బడి గేటు ముందు కారాపి, అద్దం దించి, "ఇక్కడ మంచి స్కూల్ ఏదండీ?" అని నన్నే అడిగిన సందర్భాలు చాలా ఉన్నాయి. నా వెనకాల ఉన్నది కూడా బడేనని వాళ్లకి తట్టేది కాదు.

మా అబ్బాయీ అలాగే కొన్నాడు, మన విశాఖలోనే, కొమ్మాది దాటాక. బ్రోషర్‌లో మ్యాప్ ఉంటుంది కదా, అందులో ఒక పెద్ద స్కూల్ బొమ్మ వేసి పక్కన "5 నిమిషాలు" అని రాశారు. ఆ ఐదు నిమిషాలు ఎవరు లెక్కపెట్టారో గానీ, అర్ధరాత్రి బైక్ మీద వెళ్లి లెక్కపెట్టుంటారు. స్కూల్ హైవేకి అవతల. బస్సు నాలుగు అపార్ట్‌మెంట్లు తిరిగి, పిల్లల్ని ఎక్కించుకుని, యూటర్న్ తీసుకుని చేరేసరికి నలభై నిమిషాలు. ఐదేళ్ల మనవణ్ణి పొద్దున్న ఏడుంబావుకే గేటు దగ్గర నిలబెట్టేదాన్ని. ఇడ్లీ తిని బస్సెక్కితే వాంతి. చివరికి ఏమీ పెట్టకుండా పంపడం మొదలుపెట్టాం. ఇరవై ఏళ్లు ఈఎంఐ కట్టాల్సిన ఫ్లాట్, పిల్లాడు మాత్రం ఖాళీ కడుపుతో బడికి.

అందుకే చెబుతున్నాను. ఫ్లాట్ చూడ్డానికి ఎన్నిసార్లు వెళ్తారో, అక్కణ్ణుంచి నడిచి వెళ్లగలిగే బళ్లకి కూడా అన్నిసార్లు వెళ్లండి. సర్కారు బడిని కూడా వదలొద్దు. మీ పిల్లల్ని అందులో వెయ్యకపోయినా వెళ్లి చూడండి.

పేదవాళ్ల పేటలోకి డబ్బున్నవాళ్లు వచ్చి చేరడం, అద్దెలు పెరిగి పాతవాళ్లు ఊరి చివరికి జరిగిపోవడం, దీన్ని ఇంగ్లీషులో జెంట్రిఫికేషన్ అంటారు. 1964లో లండన్ గురించి రాస్తూ రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త పెట్టిన పేరు. మనకి దానికంటూ ఒక మాట లేదు గానీ, కళ్లతో రోజూ చూస్తున్నదే. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ, అదే జీవీఎంసీ, ఏర్పడి చుట్టుపక్కల ఊళ్లు నగరంలో కలిశాయి. ఇవాళ మధురవాడ వైపు వెళ్లండి. మధ్యలో పాత ఊరు, రామకోవెల, నాలుగు పెంకుటిళ్లు. చుట్టూ పది అంతస్తుల అపార్ట్‌మెంట్లు. వాటి నీడలో బడి. నగరంలో కలిసి ఇన్నేళ్లయినా బోర్డు మీద ఇంకా "మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల" అనే చాలాచోట్ల కనిపిస్తుంది.

మా ఆడపడుచు కూతురు అమెరికాలో ఇల్లు కొంటూ, "అత్తా, నువ్వు టీచర్‌వి కదా, ఈ రెండు స్కూళ్లలో ఏది మంచిదో చెప్పు" అని ఫోన్ చేసింది. అక్కడ చాలాచోట్ల ఇంటి అడ్రసే బడిని తేలుస్తుంది. వీధికి ఈ పక్క ఇల్లయితే ఈ బడి, ఆ పక్కనైతే ఆ బడి. బడుల ఖర్చులో పెద్ద వాటా స్థానిక ఆస్తిపన్నుల నుంచే వస్తుంది. 1999లో సాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త బోస్టన్ శివార్లలో అలాంటి సరిహద్దు గీతలకి అటూ ఇటూ ఉన్న ఇళ్ల ధరలు పోల్చి చూశారు. బడి మార్కులు 5 శాతం ఎక్కువున్న వైపు ఇంటికి జనం రెండున్నర శాతం ఎక్కువ పెడుతున్నారని తేల్చారు. ఆ లెక్కలో ఒక చిక్కుంది. ఆ మార్కుల్లో బడి చెప్పిన చదువెంత, అమ్మానాన్నల జీతమెంత అన్నది విడదీసి చూపించడం కష్టం. పైగా మారుతున్న పేటలో నిన్నటి మార్కులు నిన్నటి పిల్లలవి. ఫోన్ చేసిన ఆ అమ్మాయికి అదే చెప్పాను. రేటింగులు చూసి తేల్చుకోకు, వెళ్లి ఒక పూట కూర్చుని రా అన్నాను.

మనకి అలాంటి గీత లేదు. పసుపు రంగు బస్సు ఉంది. కొత్తగా వచ్చినవాళ్ల పిల్లలు పేటలో ఉన్న బడి ముందు నుంచే ఆ బస్సులో వెళ్లిపోతారు. అందుకే పేటలోకి ఎంత డబ్బొచ్చినా బడి బాగుపడదు. ఖాళీ అవుతుంది.

ఎలా అవుతుందో నేను దగ్గరుండి చూశాను. అపార్ట్‌మెంట్లు కడుతున్నన్నాళ్లూ మా బడి స్ట్రెంగ్త్, అంటే పిల్లల సంఖ్య, పెరిగింది. శ్రీకాకుళం, పార్వతీపురం, ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లలు, వాచ్‌మన్ల పిల్లలు. ఒక జూన్‌లో బెంచీలు చాలక ఒకటో తరగతిని చాపల మీద కూర్చోబెట్టాను. తర్వాత గృహప్రవేశాలు మొదలయ్యాయి. కట్టినవాళ్లు ఇంకో సైటుకి వెళ్లిపోయారు. అద్దెలు పెరిగి పాతవాళ్లూ కదిలారు. మా టేబుల్ మీద టీసీ దరఖాస్తులు. విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం ప్రాథమిక బడిలో అరవై మంది వరకు ఇద్దరు టీచర్లు, అరవై ఒకటి నుంచి తొంభై దాకా ముగ్గురు. అరవై ముగ్గురున్న బళ్లో ఐదుగురు టీసీ తీసుకుంటే ఐదుగురే కదా పోయారు అనుకుంటాం. పిల్లల సంఖ్యని బట్టి టీచర్లని సర్దే రేషనలైజేషన్ వచ్చేసరికి వాళ్లతోపాటు ఒక టీచర్ పోస్టూ పోతుంది. ఐదు తరగతులకి ఇద్దరే మిగులుతారు. అది చూసి, కాస్త స్తోమత ఉన్న ఆటోడ్రైవరు తన పిల్లని ప్రైవేటుకి మారుస్తాడు. అతన్ని నేను తప్పుపట్టలేదు.

పైగా 2022లో 117 నంబరు జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లకి తరలించారు. చాలా బళ్లలో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. 2025లో ఆ జీవో రద్దయింది. ఇప్పుడు బళ్లు రకరకాలు. తరగతికో టీచర్ ఉండే మోడల్ ప్రైమరీ స్కూల్, అంతకంటే తక్కువ టీచర్లుండే బేసిక్ ప్రైమరీ స్కూల్, రెండో తరగతితో ఆగిపోయే ఫౌండేషనల్ స్కూల్. కాబట్టి మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇది ఏ రకం బడి, ఎంతమంది టీచర్లు అని. నడక దూరంలో మోడల్ ప్రైమరీ స్కూల్ ఉన్న ఫ్లాట్‌కీ, స్విమ్మింగ్ పూల్ ఉన్న ఫ్లాట్‌కీ ఒకే ధరైతే నేను మొదటిదే తీసుకుంటాను. నవ్వకండి, ఆ పూల్‌లో నీళ్లు ఎన్నాళ్లుంటాయో మీకూ తెలుసు.

మరి బడిని చూడడం ఎలా? ముందు హెచ్‌ఎంని అడిగి లోపలికి వెళ్లండి, పిల్లల ఫోటోలు తీయకండి. గోడల రంగులూ, క్లాసులో పెద్ద టీవీ చూసి మోసపోవద్దు. అవి చెడ్డవని కాదు, సర్కారు బళ్లని బాగుచేసిన నాడు-నేడు పథకంలో వచ్చిన మరుగుదొడ్లు, ఫ్యాన్లు, నల్లానీళ్లు మా చిన్నప్పుడు కలలో కూడా లేవు. కానీ చదువు సంగతి గోడలు చెప్పవు.

రిటైరయ్యాక ఒక స్నేహితురాలి కోసం రెండు బళ్లు చూడ్డానికి వెళ్లాను. రెంటికీ మధ్య కిలోమీటరున్నర దూరం. పద్ధతి నాది కాదు, ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో చేస్తున్న అసర్ సర్వేలోది. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, తర్వాత రెండో తరగతి స్థాయి కథ. మూడో తరగతి పిల్లల చేతికి రెండో తరగతి తెలుగు వాచకం ఇస్తే చాలు. మొదటి బడి మెరిసిపోతోంది. పిల్లలందరూ కలిసి పాఠం గడగడా చదివారు. ఒక పాపని దగ్గరికి పిలిచి అదే పేజీ ఒక్కదాన్నే చదవమన్నాను. వేలు పెట్టి చక్కగా చదువుతోంది. వేలు మాత్రం ఒక వరుస కింద ఉంది, నోరు ఇంకో వరుసలో ఉంది. పేజీలో బొమ్మ మీద నా అరచెయ్యి పెట్టాను. పాప ఆగిపోయింది, నా మొహంలోకి చూసింది. బొమ్మ చూసి కంఠతా అప్పచెబుతోందన్నమాట. తప్పు ఆ పాపది కాదు, ఆ టీచరమ్మదీ కాదు. ఆవిడొక్కతే మూడు తరగతులు చూస్తోంది.

రెండో బడి వరండాకి రేకులు, గోడకి పెచ్చులు. ఒక పిల్లాడు గు... డ్ల... గూ... బ అంటూ ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. ఒక వాక్యానికి నిమిషం పట్టింది. పూర్తిచేసి తలెత్తి, "గుడ్లగూబ ఇంటిమీద వాలితే మంచిది కాదంట, నిజమేనా టీచర్?" అన్నాడు. చదివినదాని గురించి ప్రశ్న వేశాడు! ఆ బడి దగ్గరే ఇల్లు చూసుకోమన్నాను. నా స్నేహితురాలు ఆ ప్రశ్న కంటే ఆ పెచ్చులనే ఎక్కువసేపు చూసింది, చివరికి మొదటి బడి వైపే కొనుక్కుంది. సరే.

రెండోసారి మధ్యాహ్నం వెళ్లండి. డొక్కా సీతమ్మ గారి పేరు మీద ఇప్పుడు బడి భోజనం పెడుతున్నారు. గుడ్డు పిల్లాడి కంచంలో పడుతోందా, టీచర్లు ముందు రుచి చూస్తున్నారా అన్నది చూస్తూ వంటమ్మతో మాట కలపండి. బిల్డర్ చెప్పని సంగతులన్నీ ఆవిడ దగ్గరుంటాయి. మా వంటమ్మ ఓసారి గిన్నెలు తోముతూ అంది: "ఆ కొత్త బిల్డింగులోళ్లు బోర్లేసి నీళ్లన్నీ లాగీసినారమ్మా. ఏప్రిల్ వస్తే మనకీ ట్యాంకరే, ఆళ్లకీ ట్యాంకరే." ఆ బిల్డింగ్ బ్రోషర్‌లో "24 గంటల నీటి సరఫరా" అని ఉండేది.

మూడోసారి వాన పడ్డ మర్నాడు. మన ఊరంతా కొండలూ గెడ్డలూ, అంటే వాగులూ. గెడ్డ మీద స్లాబు వేసి రోడ్డేస్తే కొనేవాడికి కనిపించదు గానీ వానకి గుర్తుంటుంది. తుపాను హెచ్చరికొస్తే బడే పునరావాస కేంద్రం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎవరెవరు అక్కడ తలదాచుకున్నారు, ప్రతి వానాకాలం ఎవరొస్తారు, ఆయాని అడగండి. ఏ వీధివాళ్లు బడికొచ్చి పడుకుంటారో ఆ వీధిలో గ్రౌండ్ ఫ్లోర్ కొనకండి.

ప్రైవేటు బళ్ల గురించి రెండే మాటలు. ఏ తరగతి వరకు గుర్తింపు ఉందో కాగితం చూపించమనండి. ప్రతి గుర్తింపు పొందిన బడికీ ప్రభుత్వ రికార్డులో పదకొండు అంకెల నంబరు, యూడైస్ కోడ్, ఉంటుంది, అదీ అడగండి. తర్వాత, "పోయినేడాది ఉన్న టీచర్లలో ఈ ఏడాది ఎంతమంది ఉన్నారు?" అనండి. ఫీజు గురించి అడిగితే నవ్వుతూ చెప్పే రిసెప్షన్ అమ్మాయి ఈ ప్రశ్నకి లోపలికెళ్లి కనుక్కొస్తానంటుంది. ఒకటో తరగతికి ఐఐటీ ఫౌండేషన్ అన్న హోర్డింగ్ కనిపిస్తే నేనైతే బండి కూడా ఆపను.

అన్నట్టు, బడి నచ్చిందని కాగితాలు చూడకుండా అడ్వాన్సులు ఇచ్చేయకండి. అడవివరం, వేపగుంట వైపు సింహాచలం దేవస్థానంతో పంచగ్రామాల భూముల గొడవ మనందరికీ తెలిసిందే. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితా, ఆస్తి మీద పాత లావాదేవీలు చూపే ఈసీ లాయర్‌తో చూపించుకోండి. అది నా సబ్జెక్టు కాదు.

నా సబ్జెక్టులో నేను తప్పిన చోటు ఒకటుంది, దాచను. మొన్న మనవణ్ణి ఆ బస్సు బడి నుంచి మాన్పించే గొడవలో, దగ్గర్లో ఉన్న సర్కారు బడి చూసి రమ్మని అబ్బాయితో అన్నాను. వాడు, "అమ్మా, నువ్వు చెప్పే బళ్లో నన్నెందుకు వెయ్యలేదు?" అన్నాడు. నిజమే. నేను సర్కారు బడికి బస్సులో వెళ్తూ, వాణ్ణి రిక్షాలో కాన్వెంటుకి పంపించాను. మీ నాన్నగారి పట్టుదల అని చెప్పబోయాను, ఆయన ఫోటోలోంచి చూస్తున్నారు, మానేశాను.

మనవడు ఇప్పుడు పది నిమిషాల నడక దూరంలో ఒక చిన్న ప్రైవేటు బడికి వెళ్తున్నాడు. రెండిడ్లీలు తినే వెళ్తున్నాడు. మా వెనక వీధి సర్కారు బళ్లో ఐదు తరగతులకి ఇద్దరే టీచర్లు కాబట్టి అబ్బాయీ కోడలూ ఒప్పుకోలేదు, నేనూ గట్టిగా చెప్పలేకపోయాను. మంగళవారం, శుక్రవారం నేనే ఆ బడికి వెళ్లి రెండో తరగతి చేత చదివిస్తున్నాను. ఈ జూన్‌లో మా అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తన కూతుర్ని అక్కడ ఒకటో తరగతిలో చేర్పించింది. వాట్సాప్ గ్రూపులో వారం రోజులు అదే టెన్షన్, అందరూ ఆవిడకి సలహాలే. ఆ పాపతో కలిపి స్ట్రెంగ్త్ యాభై తొమ్మిది. మూడో టీచరు రావాలంటే ఇంకా ఇద్దరు కావాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.