పెద్దయ్యాక చిత్రలేఖనం: శ్రోతలతో ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఉద్యోగమూ సంసారమూ ఒక గాడిన పడిన తరువాత బొమ్మలు వేయడం నేర్చుకోవాలని కోరుకునేవారి కోసం ఈనాటి కార్యక్రమం. చాలా ఏళ్లుగా పెద్దవారికి చిత్రలేఖనం నేర్పుతున్న మాస్టారు మీ సందేహాలకు సమాధానాలు చెబుతారు. మొదటి ఫోన్ తీసుకుందాం. హలో, చెప్పండి.

శ్రోత: నమస్కారం మాస్టారూ. నాకు నలభై ఏడేళ్లు. బడిలో ఉన్నప్పుడు బొమ్మలు వేసేవాణ్ణి, ఆ తరువాత పెన్సిల్ ముట్టుకోలేదు. ఈ వయసులో మొదలుపెడితే చేయి తిరుగుతుందా అన్నది నా సందేహం.

మాస్టారు: తప్పకుండా తిరుగుతుంది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1861లో పుట్టారు, ఆయన చిత్రాల ప్రదర్శన పారిస్‌లో జరిగింది 1930లో. వాన్ గో చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్నది 1880లో, తన 27వ ఏట. కాబట్టి వయసు సంగతి పక్కన పెట్టండి. ఇన్నేళ్లుగా సంతకం చేస్తున్న చేతికి గీత గీసే నేర్పు ఉండనే ఉంటుంది. పెద్దవారికి అడ్డం వచ్చేది చేయి కాదు, చూపు. కుర్చీ కనబడగానే ‘ఇది కుర్చీ’ అని గుర్తుపట్టి, అంతటితో దానిని చూడటం మానేస్తాము. ఆ తరువాత మనం గీసేది ఎదురుగా ఉన్న కుర్చీని కాదు, మన తలలో ఉన్న కుర్చీని. అందుకే నాలుగు కాళ్లూ ఒకే పొడవున వస్తాయి. ఎదురుగా చూస్తే వెనక కాళ్లు పొట్టిగానూ, వాటి అడుగులు ముందు కాళ్ల అడుగులకంటే పైగానూ కనిపిస్తాయి. తెలిసినది గీయకండి, కనిపిస్తున్నది గీయండి. ఈ మాట ఈ రోజు మళ్లీ మళ్లీ చెబుతాను, విసుక్కోవద్దు.

శ్రోత: మరి దానికి సాధన ఏమిటండీ?

మాస్టారు: అదే కుర్చీని తీసుకోండి. కుర్చీని గీయకుండా, దాని కాళ్ల మధ్య, చేతుల మధ్య ఉన్న ఖాళీల ఆకారాలను మాత్రమే గీయండి. ఆ ఖాళీలకు పేర్లు లేవు కనుక వాటిని గురించి మనసులో ముందే తయారైన బొమ్మ ఏదీ ఉండదు, కన్ను తప్పనిసరిగా చూసి తీరుతుంది. ఖాళీలన్నీ సరిగా వస్తే కుర్చీ దానంతట అదే వస్తుంది. హెచ్‌బీ, 2బీ, 4బీ పెన్సిళ్లు మూడు ఉంటే ప్రస్తుతానికి చాలు, వీటిలో హెచ్‌బీ గట్టిది, 4బీ అన్నిటికంటే మెత్తనిది. గ్రాఫైట్‌లో బంకమన్ను పాలు పెరిగేకొద్దీ ములుకు గట్టిపడి గీత లేతగా పడుతుంది, తగ్గేకొద్దీ మెత్తబడి గీత నల్లగా పడుతుంది. మొదటి గీతలు హెచ్‌బీతో, చేతిని నొక్కకుండా, చెరిపితే పోయేటంత లేతగా వేయండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. తరువాతి ఫోన్.

శ్రోత: నమస్కారమండీ. నేను నీటిరంగులు వేస్తున్నాను. పెట్టెలో ఎంత చక్కగా కనిపించే రంగులైనా కాగితం మీదికి వచ్చేసరికి బురదగా మారిపోతున్నాయి. ఇంకా మంచి రంగులు కొనాలా?

మాస్టారు: ముందు ఇది చెప్పండమ్మా, ఏ కాగితం మీద వేస్తున్నారు?

శ్రోత: మామూలు డ్రాయింగ్ పుస్తకమేనండీ.

మాస్టారు: రోగం అక్కడే ఉంది. రంగుల మీద పెట్టదలచుకున్న డబ్బును కాగితం మీద పెట్టండి. పలుచని కాగితం తడవగానే ఉబ్బి గుంటలు పడుతుంది, రంగునీరు ఆ గుంటల్లో నిలుస్తుంది, మీరు దానిని సరిచేయబోయి కుంచెతో మళ్లీ మళ్లీ రుద్దుతారు, కాగితం పైపొర లేచిపోయి రంగు మురికిగా మారుతుంది. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న నీటిరంగుల కాగితం తెచ్చుకోండి, అది పూర్తిగా పత్తితో చేసినదైతే మరీ మంచిది. పెద్ద ఠావు కొని చిన్న ముక్కలుగా కోసుకుంటే ఖర్చు కూడా కలిసివస్తుంది.

రెండవ కారణం, మీరు ఆరీఆరని రంగు మీద మళ్లీ కుంచె పెడుతున్నారని నా అనుమానం. తడి ఆరుతున్నప్పుడు కాగితాన్ని పక్కవాటుగా, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. మొదట నీరు నిలిచి మెరుస్తుంది, తరువాత ఆ మెరుపు పలచబడుతుంది, ఆపైన పూర్తిగా పోతుంది. నీరు మెరుస్తున్నంతసేపూ రంగు మీద రంగు వదలవచ్చు. మెరుపు పోయినా కాగితం ఇంకా చల్లగా తగులుతున్న దశలో మాత్రం చేయి వెనక్కి తీసుకోండి. అప్పుడు పడిన తడి కుంచె కింది రంగును పక్కలకు నెట్టి, అంచులు చీలిన మరకలు చేస్తుంది. పూర్తిగా ఆరిన తరువాతే రెండవ పూత వేయండి. నీటిరంగు ఆరాక లేతబడుతుంది కాబట్టి, తడిగా ఉన్నప్పుడు ఒక పాలు ముదురుగా కనిపించినా భయపడకండి.

శ్రోత: రంగులు కలపడంలో పొరపాటు ఉండవచ్చా?

మాస్టారు: ఉండవచ్చు. రంగు గొట్టం మీద చిన్న అక్షరాలలో వర్ణద్రవ్యం, అంటే రంగునిచ్చే పొడి, సంకేతం ఉంటుంది. ఉదాహరణకు పి.బి. 29 అని ఉంటే అది అల్ట్రామెరైన్ నీలం. ఒకే గొట్టంలో రెండు మూడు సంకేతాలు కనిపిస్తే అది ముందే కలిపిన రంగు అని అర్థం. అలాంటివి రెండు కలిపితే నాలుగైదు ద్రవ్యాలు కలిసి కాంతి చచ్చిపోతుంది. ఒక్కొక్క ద్రవ్యమే ఉన్న పసుపు, ఎరుపు, నీలం తెచ్చుకొని వాటితోనే కొంతకాలం వేయండి. కుంచె కడగడానికి ఒక గిన్నె, రంగు కలపడానికి శుభ్రమైన నీరు ఉన్న గిన్నె ఇంకొకటి పెట్టుకోండి. అన్నిటికంటే ముందు కాగితం మార్చండి.

వ్యాఖ్యాత: తరువాతి శ్రోత ఎవరు? చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మాస్టారుగారూ, ఎంతోసేపటి నుంచి ప్రయత్నిస్తుంటే ఇప్పటికి దొరికింది మీ లైను. నేను పదవీవిరమణ చేశానండీ. మా మనవడి బొమ్మ వేయాలని నా కోరిక. వాడికి ఆరేళ్లు. వాడు మా దగ్గర ఉండడు, అమ్మానాన్నలతో దూరాన ఉంటాడు, అందుకని మా అమ్మాయి ఫోనులో పంపిన ఫోటో చూసి వేస్తున్నాను. అందరూ బాగుంది అంటారు కానీ వాడిలాగా ఉందని ఒక్కరూ అనరు. మొన్న మా ఆయన చూసి ‘ఎవరీ అబ్బాయి?’ అన్నారు. నాకు మనసుకు చాలా కష్టమనిపించింది. చర్మం రంగు కుదరక అలా వస్తోందేమోనని రకరకాల రంగులు కలిపి చూశాను. చర్మానికి ఏ రంగులు కలపాలో మీరు చెబితే...

మాస్టారు: అమ్మా, రంగు మాట తరువాత చూద్దాం. కేవలం పెన్సిల్‌తో వేసిన బొమ్మలో కూడా మనిషిని గుర్తుపడతాము కదా! పోలిక ఉండేది కొలతలలోనూ వెలుగునీడలలోనూ. మీరు వేసిన బొమ్మ దగ్గర ఉందా?

శ్రోత: ఎదురుగానే ఉందండీ.

మాస్టారు: నడినెత్తి నుంచి గడ్డం వరకు, జుట్టు ఎత్తును వదిలేసి, సగం ఎక్కడ వస్తుందో పెన్సిల్‌తో కొలవండి. కళ్లు ఆ సగానికి పైన ఉన్నాయా, కింద ఉన్నాయా?

శ్రోత: ఉండండి... పైనే ఉన్నాయండీ, కొంచెం పైన.

మాస్టారు: కొత్తగా నేర్చుకునేవారిలో ఎక్కువమంది బొమ్మలు ఇలాగే ఉంటాయి. మనం ముఖం అంటే కళ్లు, ముక్కు, నోరు అనుకుంటాము, వాటికే చోటంతా ఇచ్చి నుదుటినీ నడినెత్తినీ కుదించేస్తాము. పెద్దవారిలో కళ్లు తల ఎత్తుకు దాదాపు సగంలో ఉంటాయి. చిన్నపిల్లలకు దవడ, ముక్కు ఇంకా ఎదగలేదు, పుర్రె మాత్రం ముందే పెరిగి ఉంటుంది, అందువల్ల వారి కళ్లు సగానికి కొంచెం కిందికి కనిపిస్తాయి. మీరు కళ్లు పైన పెట్టినందువల్ల ఆరేళ్ల పిల్లవాడికి పెద్దవాడి ముఖం వచ్చింది. మీ ఆయన గుర్తుపట్టలేకపోవడానికి కారణం ఇదే అయి ఉంటుంది.

శ్రోత: అయ్యో, నిజమేనండీ, వాడు పెద్దవాడిలాగే ఉన్నాడు బొమ్మలో! అయితే కళ్లు కిందికి దించితే సరిపోతుందా? చర్మం రంగుకు మాత్రం నేను ఎరుపు, పసుపు, తెలుపు కలుపుతున్నానండీ, అది గులాబీ రంగుగా...

మాస్టారు: అమ్మా, ఒక్క నిమిషం. రంగు కాదు, ముందు కొలత. కళ్లను మాత్రమే దించితే మిగతావి చెదిరిపోతాయి, కొత్త కాగితం మీద మొదలుపెట్టండి. ఫోటోను తలకిందులుగా పెట్టి ఒకసారి గీయండి. ముఖం తలకిందులైతే ‘ఇది కన్ను, ఇది ముక్కు’ అనే గుర్తింపు సడలి, ఆకారాలు ఆకారాలుగానే కనిపిస్తాయి. రెండు కళ్ల మధ్య ఎంత దూరం ఉంది, నోటి కొనలు నిలువునా కళ్లలో ఏ భాగానికి సూటిగా వస్తున్నాయి, చెవి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోంది, ఇవన్నీ ఫోటోలో కొలిచి చూసుకోండి. చిత్రలేఖనం పుస్తకాలలో కొలతలతో చూపే సగటు ముఖానికి, మీ మనవడి ముఖానికి ఉన్న తేడాలోనే పోలిక దాగి ఉంటుంది. ఫోటోలో వాడు నవ్వుతున్నాడా?

శ్రోత: పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడండీ. ముందు పన్ను ఒకటి ఊడింది కూడా.

మాస్టారు: అయితే ఒక్కొక్క పంటికీ మధ్య గీత గీయకండి. పళ్లన్నిటినీ ఒకే లేత ఆకారంగా ఉంచి, ఊడిన పన్ను చోట మాత్రమే ముదురు నీడ పెట్టండి, నోటి మూలల వైపు కొద్దిగా నీడ దించండి. కన్ను వేసేటప్పుడు తెల్లగుడ్డును కాగితమంత తెల్లగా వదలకండి. పైరెప్ప నీడ గుడ్డు మీద పడుతుంది, గుడ్డు గుండ్రంగా ఉంటుంది, కనుక అక్కడ పైభాగంలో పలుచని నీడ కావాలి. ఆ నీడ లేకపోతే కళ్లు బెదిరినట్లు కనిపిస్తాయి. ఇంకొక సంగతి, ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టి తీసిన ఫోటోలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. కొంచెం దూరం నుంచి, కిటికీ వెలుతురు ఒక పక్క నుంచి పడేటట్లు ఇంకొక ఫోటో తీసి పంపమని మీ అమ్మాయిని అడగండి.

శ్రోత: అడుగుతానండీ. మరి రంగు...

మాస్టారు: సరేనమ్మా, చెబుతాను, మీరు అంతగా అడుగుతున్నారు కదా. చర్మానికి ఒకే రంగు అంటూ ఉండదు. వెలుతురు తగిలిన చోట ఒకటి, నీడలో ఒకటి, చెవి అంచున, ముక్కు కొనన ఇంకాస్త ఎరుపు. ఇటుక రంగు మట్టి ఎరుపు, పసుపు మట్టి రంగు తీసుకోండి, నీడల కోసం వాటిలో కాస్త అల్ట్రామెరైన్ కలపండి. తెలుపు ఎక్కువ కలిపితే ముఖం సుద్దగా తేలిపోతుంది. అయితే పెన్సిల్ బొమ్మ చూసి మీ ఆయన మనవడి పేరు చెప్పేదాకా రంగు జోలికి పోవద్దని నా కోరిక. మీకు అంత ప్రేమ ఉంది, బొమ్మ కుదురుతుంది, తొందరపడకండి.

శ్రోత: చాలా సంతోషం మాస్టారుగారూ, నమస్కారం.

వ్యాఖ్యాత: సమయం తక్కువగా ఉంది, శ్రోతలు క్లుప్తంగా అడగాలని మనవి. హలో.

శ్రోత: తైలవర్ణాలు నేర్చుకోవాలని ఉంది. ఇంట్లో చిన్న గది ఉంది. ఏవైనా జాగ్రత్తలు అవసరమా?

మాస్టారు: చాలా అవసరం. తైలవర్ణాలను పలచబరచడానికి వాడే టర్పెంటైన్ ఆవిరి మంచిది కాదు, కిటికీలు మూసి వాడకండి. అంతకంటే ముఖ్యమైనది, ఈ రంగులలో ఉండే అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. ఆ నూనె నీరు ఆవిరైనట్లు ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, అలా కలిసేటప్పుడు వేడి పుడుతుంది. ఉండచుట్టిన గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక తనంతట తానే నిప్పు అంటుకోవచ్చు. గుడ్డలను ఆరుబయట విడివిడిగా పరచి ఆరనివ్వండి, లేదా మూత ఉన్న లోహపు డబ్బాలో నీటిలో ముంచి ఉంచండి. ఈ జాగ్రత్త తీసుకోలేని ఇల్లయితే యాక్రిలిక్ రంగులతో మొదలుపెట్టండి. అవి నీటితో పలచబడతాయి. కుంచె మీద రంగును మాత్రం ఆరనివ్వకూడదు, ఆరితే ఆ కుంచె ఇక పనికిరాదు.

వ్యాఖ్యాత: తరువాతి ఫోన్.

శ్రోత: సార్, ఏ కంపెనీ రంగులు మంచివో చెబుతారా?

మాస్టారు: కంపెనీ పేర్లు చెప్పనండి. గొట్టం మీద వెలుతురుకు రంగు ఎంత నిలుస్తుందో గుర్తు ఉంటుంది, అది చూసి కొనండి. మీరు వేస్తున్న కాగితం ఎలాంటిది?

శ్రోత: అది నేను గమనించలేదు సార్.

మాస్టారు: ముందు దానిని గమనించండి. ఇందాక మాట్లాడిన అమ్మగారికి చెప్పినదే మీకూ చెబుతున్నాను.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. ఇదే ఆఖరి ఫోన్. చెప్పండి.

శ్రోత: నమస్కారం మాస్టారూ. ఫోటో మీద కాగితం పెట్టి కిటికీ అద్దానికి ఆనించి గీతలు దించుకుంటున్నాను. బొమ్మ బాగానే వస్తోంది, కానీ ఇది మోసమేమోనని మా స్నేహితులు అంటున్నారు.

మాస్టారు: మోసం అనే మాట నేను అనను బాబూ. రంగు సాధన చేయడానికి గీతలు దించుకుంటే తప్పులేదు. అయితే దించుకున్నప్పుడు మీ కన్ను కొలతలు తీయడం నేర్చుకోదు. వారంలో కొన్ని రోజులైనా ఎదురుగా ఉన్న వస్తువును చూసి గీయండి. ఒక కన్ను మూసి, చేయి పూర్తిగా చాచి, పెన్సిల్‌ను నిలువుగా పట్టుకొని, వస్తువు ఎత్తును బొటనవేలితో గుర్తుపెట్టుకోండి. దానితో వెడల్పును పోల్చండి. కొలిచినంతసేపూ మోచేయి వంచకండి, వంగితే కొలత మారుతుంది. ముందు చూడండి, కొలవండి, తరువాత...

వ్యాఖ్యాత: మాస్టారూ, క్షమించాలి, మన సమయం ముగిసింది.

మాస్టారు: ఒక్క మాట చెప్పి ముగిస్తాను. బాబూ, గీసిన కాగితాలు పారేయకండి, వాటి మీద తేదీలు వేసి ఒక సంచిలో దాచండి.

వ్యాఖ్యాత: మాస్టారికి, ఫోన్ చేసిన శ్రోతలందరికీ ధన్యవాదాలు. నమస్కారం.