బోరింగు పెద్దగా, మనిషి చిన్నగా: చిత్ర విశ్లేషణలో మొదటి పేరా

అందరికీ నమస్కారం. ఫ్లోరైడ్ నీళ్ల సమస్యకు పేరుపడ్డ నల్లగొండలో డిగ్రీ పిల్లల ముందు బొమ్మల గురించి మాట్లాడడానికి ఉదాహరణ ఎక్కడి నుంచో తేనక్కరలేదు. ఒక గోడ పోస్టరును ఊహించుకోండి. ఎడమవైపు బోరింగు, దాని పిడే సగం బొమ్మను కమ్మేసింది. వెనుక అరుగు మీద నలభై ఏళ్ల మనిషి, మోకాళ్లు వంకర తిరిగి ఉన్నాయి. కెమెరాను దాదాపు నేలకు ఆనించి తీశారు. అతను మన వైపు చూడట్లేదు. అడుగున ఒకటే మాట: "ఈ నీళ్లు మీరు తాగుతారా?"

దీని మీద రెటారికల్ అనాలిసిస్, అంటే బొమ్మ మనల్ని ఎట్లా ఒప్పిస్తుందో విప్పి చెప్పే వ్యాసం, రాయమంటే చాలామంది "నీరు ప్రాణాధారం" అని ఎత్తుకుంటారు. తర్వాత గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడ్ బోరు నీళ్లలో కరగడం, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటితే ముందు పళ్లకు, ఇంకా ఎక్కువైతే ఎముకలకు ముప్పు రావడం. అన్నీ నిజాలే. కానీ అది ఫ్లోరోసిస్ అనే ఆ జబ్బు మీద వ్యాసమైంది, పోస్టరు పక్కకు పోయింది. నీళ్లు చెడ్డవని ఈ బొమ్మ మనల్ని ఎట్లా నమ్మిస్తున్నది? మనకిచ్చిన ప్రశ్న అది.

కలం పట్టకముందు పది నిమిషాలు ఊరికే చూడండి. కాగితం మీద నిలువు గీత గీసి ఎడమవైపు కనబడేవి రాయండి, కుడివైపు అవి చేసే పని. మన అలంకారశాస్త్రం మాటల్లో ఒకటి వాచ్యం (నేరుగా చెప్పేది), ఇంకోటి వ్యంగ్యం (వెటకారం కాదు, సూచనగా తెలిపేది). ఎడమవైపు పదిహేను వచ్చేదాకా కుడివైపు ముట్టుకోవద్దు. ముందే "దుఃఖం" అని రాసుకున్నారా, ఇక కన్ను దుఃఖాన్నే వెతుకుతుంది, పిడి ఎంత పెద్దగా ఉందో కనబడదు. ఆ పదిహేనులో మొదటి పేరాలోకి వచ్చేవి రెండో మూడో, అంతే.

ఐదు వందల మాటల వ్యాసానికి మొదటి పేరా యాభై నుంచి ఎనభై మాటలు చాలు. ఇట్లా ఉండొచ్చు (ఇందులో మిషన్ భగీరథ అంటే తెలంగాణలో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే పథకం):

"ఈ ఫ్లోరోసిస్ పోస్టరులో రోగి కన్నా బోరింగే పెద్దగా కనిపిస్తుంది. మిషన్ భగీరథ నీళ్లు రాకముందు పట్నం గోడల కోసం వేసిన పోస్టరు ఇది. మాట్లాడేది దారిన పోయేవాళ్లతో. కెమెరాను నేలకు దించి, పంపు పిడిని మనిషికి అడ్డంగా నిలపడం వల్ల తప్పు అతని ఒంటిని వదిలి నీళ్ల మీదికి పోతుంది. అతని చూపు పక్కకు ఉండడంతో అడుగున ఉన్న ప్రశ్న నేరుగా మనకే తగులుతుంది. చూసేవాడి దగ్గర జవాబు రాబట్టడమే దీని ఎత్తుగడ."

నాలుగో వాక్యాన్ని దగ్గరగా చూడండి. "వల్ల"కు ముందు బొమ్మ వేసినవాళ్లు ఎంచుకున్నది ఉంది, తర్వాత దాని ఫలితం. ఈ రెండింటినీ "వల్ల"తో కలపలేకపోతే మీ దగ్గర వర్ణన ఉంది, వాదన లేదు. "ఈథోస్, పేథోస్, లోగోస్ వాడి ప్రజలను చైతన్యపరిచింది" అన్న వాక్యం టూత్‌పేస్టు ప్రకటనకూ అతుకుతుంది. అరిస్టాటిల్ చెప్పిన ఆ మూడూ (చెప్పేవాళ్ల మీద నమ్మకం, వినేవాళ్ల భావోద్వేగం, తర్కం) ఒప్పించే పనిముట్లు. బాడిస, రంపం, ఉలి అని పేర్లు చదివితే తలుపు తయారవుతుందా?

రెండో వాక్యం దగ్గర ఎక్కువమంది తడబడతారు. ఫొటో తీసినవాళ్లు వేరు, పోస్టరు వేసినవాళ్లు వేరు కావచ్చు. అదే ఫొటో పేపర్లో వస్తే వార్త, ఎన్నికల కరపత్రం మీద వస్తే ఓటు అడగడం. కాలం కూడా అంతే. మిషన్ భగీరథ మొదటి దశ 2016లో ప్రారంభమైంది. అంతకుముందు వేసిన పోస్టరైతే "తాగుతారా?" అన్నది పాలకులను, పట్నం వాళ్లను నిలదీయడం. నల్లా నీళ్లు వచ్చాక వేసిందైతే, ఇంకా బోరింగు దగ్గరికి పోయే ఊరివాళ్లకు హెచ్చరిక. బొమ్మ మారలేదు, వాదన మారింది. తేదీ దొరక్కపోతే ఊహించి రాయొద్దు. "తేదీ లేని ఈ పోస్టరు" అంటే సరిపోతుంది.

"అద్భుతంగా ఉంది", "హృదయాన్ని కదిలిస్తుంది" కొట్టేయండి. ఎవరి హృదయం, ఏ గీత చూసి? "చూపిస్తుంది" అనే క్రియ పేరాలో ఒకసారికి మించి వద్దు. నిలదీస్తుంది, పక్కకు నెడుతుంది, దాస్తుంది, ఇట్లాంటివి వెతకండి. దాచడం అంటే గుర్తొచ్చింది, ఫ్రేములో లేనివి కూడా లెక్కే: ఈ బొమ్మలో ట్యాంకరు లేదు, అధికారి లేడు. అయితే అది లోపలి పేరాల సరుకు, ఇక్కడ కుక్కొద్దు.

ముందు ఎత్తుగడ వాక్యం (బొమ్మ వ్యూహమేంటో చెప్పే ఆ చివరి వాక్యం) ఒక్కటి చిత్తుగా రాసుకుని వ్యాసమంతా నడిపించండి, ఆ తర్వాత మొదటి పేరాకు తిరిగి రండి. రాశాక బొమ్మ దాచేసి, పేరా మాత్రం పక్కవాళ్లకిచ్చి, చదివి పెన్సిలుతో గీయమనండి. బోరింగును మూలకు చిన్నగా గీశారంటే మొదటి వాక్యం మళ్లీ రాయాలె.