కాగితాలు చూశాం, మరి ఇల్లు చూశామా?

శ్రోతలకు నమస్కారం.

దేవరకద్ర సంతలో ఎద్దును కొనే రైతును చూడండి. పళ్లు చూస్తాడు, సుళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. అప్పటికీ అనుమానం తీరకపోతే తెలిసిన మనిషిని వెంట తెచ్చుకుంటాడు. మరి మనం అప్పు చేసి, లక్షలు పోసి ఇల్లు కొనేటప్పుడు ఏం చేస్తున్నాం? ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు ఏమున్నాయో చూపే ఈసీ తీయిస్తాం, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపిస్తాం, వాస్తు అడుగుతాం. ఇంజినీరును మాత్రం పిలవం.

మా అక్క, బావ నల్లగొండలో ఒక ఇల్లు చూశారు. కట్టి పన్నెండేళ్లయింది, కొత్తగా రంగులేశారు. అక్కకు బాగా నచ్చింది. నా పోరు పడలేక బావ బయానా ఇచ్చే ముందు రోజు ఒక సివిల్ ఇంజినీరును తీసుకెళ్లాడు. ఆయన గదులు చూడలేదు, నేరుగా మిద్దె ఎక్కారు. నీళ్ల ట్యాంకు కింది పిల్లర్‌ను చిన్న సుత్తితో తట్టారు. గట్టి కాంక్రీటైతే ఖంగుమంటుంది. అక్కడ డొల్ల చప్పుడు వచ్చింది. యజమానిని అడిగి పెచ్చు తీస్తే లోపలి సలాక తుప్పుపట్టి ఉబ్బి ఉంది. ఇనుము తుప్పుపడితే లావవుతుంది, చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది. పైన ఎన్ని రంగులేసినా అది ఆగదు. మరమ్మతుకు ఎంతవుతుందో ఆయన రాసిచ్చారు. అమ్మే పెద్దాయన కూడా కాదనలేదు, ఆ మేరకు ధర తగ్గించారు. ఇంజినీరుకు ఇచ్చింది ఆరు వేలు.

పగుళ్లన్నీ ఒకటి కావు. గిలాబు మీద వెంట్రుకంత గీత ఉంటే టెన్షన్ పడనక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు అలా కాదు, దాన్ని చూపించాల్సిందే. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. పునాది లోతు చాలకపోతే గోడ దాంతోపాటే కదులుతుంది.

కొత్త ఇల్లే కదా అని కూడా వదలొద్దు. ఇళ్లు కట్టి అమ్మే బిల్డర్లను నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ప్రకారం, ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలో నిర్మాణ లోపం బయటపడి మనం చెబితే, బిల్డర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలి. కానీ 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటని స్థలంలో కట్టేవాటికి రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన పట్టణాల్లో 150, 200 గజాల్లో కట్టి అమ్మే ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. అక్కడ కొనకముందు చూసుకున్నదే మనకు రక్ష.

ఇంకొకటి, బోరు. ఫ్లోరైడ్‌తో వంకర్లు తిరిగిన కాళ్లను చూసిన నల్లగొండ జిల్లా మనది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. రుచిలో, రంగులో తేడా ఏమీ తెలియదు. ఇల్లు చూడబోయేటప్పుడు కడిగిన ప్లాస్టిక్ సీసా ఒకటి వెంట ఉంచుకోండి. మోటారు కాసేపు నడిచాక నీళ్లు పట్టి ల్యాబుకు ఇవ్వండి. ఆ కాగితం చేతికొచ్చాకే బయానా ఇవ్వండి.