ఫైర్ సర్వీసులో పెద్ద కుర్చీ దాకా ఎలా వెళ్లాలి?

(దృశ్యం: తెల్లవారుజాము. శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో పరుగు తీస్తున్న కుర్రాళ్లు)

వీళ్లలో ఎవరినడిగినా ఆర్మీ అంటారు, లేదంటే కానిస్టేబుల్ అంటారు. ఫైర్ సర్వీసు పేరెత్తేవాడు తక్కువ. ఎత్తినా ఫైర్‌మన్ పోస్టు దగ్గరే ఆగిపోతాడు. దాని పైన బోలెడు మెట్లున్నాయి తమ్ముడూ.

లీడింగ్ ఫైర్‌మన్, స్టేషన్ ఫైర్ ఆఫీసర్, అసిస్టెంట్ జిల్లా ఫైర్ ఆఫీసర్, జిల్లా ఫైర్ ఆఫీసర్, రీజనల్ ఫైర్ ఆఫీసర్. ఆపైన డైరెక్టర్ స్థాయి. అన్నిటికన్నా పైనున్న డీజీ (డైరెక్టర్ జనరల్) కుర్చీ మామూలుగా ఐపీఎస్‌లకే. మిగతా మెట్లు ఫైర్‌మన్ నుంచి ప్రమోషన్ల మీద ఎక్కి రావచ్చు గానీ, సర్వీసంతా ఆ మెట్ల మీదే కరిగిపోతుంది. నేరుగా స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌గా చేరితే ఏళ్లు కలిసొస్తాయి. 2018లో ఆ పోస్టులు ఎస్సై నోటిఫికేషన్‌తో కలిసే పడ్డాయి. ఎస్సైకి చదివేవాళ్లు దరఖాస్తులో ఆ పోస్టు గడి కనిపిస్తే వదిలేయకండి.

(దృశ్యం: తాటాకు ఇళ్ల వరస, మిట్టమధ్యాహ్నం)

ఇంతకీ ఆఫీసర్ చేసేదేటి? వైశాఖం ఎండ, పడమటి గాలి. ఒక పూరిల్లు అంటుకుంది. బండిలో ఉన్నవి ఒక ట్యాంకు నీళ్లు. ఇంటాయన చెయ్యి పట్టుకుని "బాబూ, ముందు మా ఇల్లు!" అంటాడు. ఆఫీసర్ ఆ ఇంటిని వదిలేసి, గాలివాలున ఉన్న పక్కింటి కప్పు తడపమంటాడు. తిట్లు తింటాడు. వీధి మిగుల్తుంది.

పైడిభీమవరం ఫార్మా కంపెనీల వైపు లెక్క వేరు. నీళ్లలో కలవని, నీళ్లకన్నా తేలికైన సాల్వెంట్ (మందుల తయారీలో వాడే ద్రావకం) మండుతుంటే, నీళ్లు కొట్టామా, అది పైకి తేలి మంటతో సహా పక్కకి పాకుతుంది. అక్కడ ఫోమ్, అంటే మంటను కప్పేసే నురగ కావాలి. ఈ తేడా స్టేడియంలో ఎన్ని రౌండ్లు కొట్టినా తెలీదు. నాగపూర్‌లో జాతీయ అగ్నిమాపక కళాశాల ఉంది, ఫైర్ ఇంజినీరింగ్ నాలుగేళ్ల డిగ్రీ. ఇంటర్ ఎంపీసీ పిల్లలకు ఈ పేరు ఎవరూ చెప్పరెందుకో!

(దృశ్యం: ఫైళ్ల బల్ల)

జిల్లా స్థాయికి వెళ్లాక పైపు పట్టుకోవడం తగ్గి, సంతకాలు పెరుగుతాయి. తనిఖీలు, దీపావళి టపాసుల దుకాణాలు, నిరభ్యంతర పత్రాలు. నర్సింగ్ హోమ్‌కి వెళ్తే వెనక మెట్ల మీద మందుల పెట్టెలు పేర్చి ఉంటాయి. అవి తీసేదాకా సంతకం పెట్టనని మీరంటారు. సాయంత్రానికి ఫోను మోగుతుంది. ఓనరు మీ బావగారికి తెలిసినాయనే అయ్యుంటాడు. ఊరు చిన్నది కదా.