ఒకే రిపో, రెండు ఫోల్డర్లు: ఏ కోడ్ ఎక్కడ పెట్టాలి?

[స్క్రీన్ మీద: కిక్కిరిసిన ఫోల్డర్]

నమస్తే అండీ. ఇది నేను మొదట్లో రాసిన టిఫిన్ ఆర్డర్ యాప్. స్క్రీన్ మీద కనిపించే రియాక్ట్ కాంపొనెంట్లు, సర్వర్‌లో రిక్వెస్టులకి జవాబిచ్చే ఎక్స్‌ప్రెస్ రూట్లు, డేటాబేస్ కోడ్ అన్నీ ఒకేచోట కలగాపులగం. దోశ ధర మార్చాలన్నా పది ఫైళ్లు వెతకాలి. ఇంకో పెద్ద తప్పు కూడా ఉంది, దానికి తర్వాత వద్దాం.

ముందు క్లయింట్, సర్వర్ అని రెండు ఫోల్డర్లు పెట్టండి. ఏది ఎందులోకి? ఈ కోడ్ కస్టమర్ ఫోన్‌లో నడుస్తుందా, మన సర్వర్‌లో నడుస్తుందా అని చూసుకోండి, చాలు. వాడే లైబ్రరీల జాబితా ఉండే ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైల్ దేనిది దానికే. రిపో, అంటే కోడ్‌ని మార్పుల చరిత్రతో సహా దాచే చోటు, మాత్రం ఒక్కటే. ఇద్దరు ముగ్గురున్న టీమ్‌కి రెండు రిపోలు కోరి తెచ్చుకునే తలనొప్పి. ఒకే రిపో అయితే, క్లయింట్, సర్వర్ మాట్లాడుకునే ఏపీఐలో ఒక ఫీల్డ్ పేరు మారినా రెండు వైపులా ఒకే కమిట్‌లో, అంటే ఒకేసారి సేవ్ చేసే మార్పుల్లో, సర్దేయొచ్చు.

[స్క్రీన్ మీద: కన్సోల్‌లో ఎర్ర అక్షరాలు]

ఇప్పుడు రియాక్ట్ కోడ్‌ని నడిపి, బిల్డ్ చేసే టూల్ వీట్ 5173 పోర్ట్‌లో, ఎక్స్‌ప్రెస్ 3000లో నడుస్తున్నాయి. పోర్ట్ వేరైతే బ్రౌజర్‌కి ఆరిజిన్, అంటే పేజీ వచ్చిన చిరునామా, కూడా వేరే. వేరే ఆరిజిన్ నుంచి వచ్చిన జవాబుని ఆ సర్వర్ అనుమతి లేకుండా బ్రౌజర్ పేజీకి ఇవ్వదు. అందుకే ఈ కార్స్ ఎర్రర్. చాలామంది టెన్షన్‌లో సర్వర్‌ని అన్ని ఆరిజిన్లకీ బార్లా తెరిచేస్తారు. వద్దండీ. వీట్ కాన్ఫిగ్‌లో మధ్యవర్తిగా ప్రాక్సీ పెట్టి, స్లాష్ ఏపీఐతో మొదలయ్యే రిక్వెస్టులన్నీ 3000కి పంపండి. ఈ ప్రాక్సీ డెవలప్‌మెంట్ వరకే. లైవ్‌లో, బిల్డ్ చేస్తే వచ్చే డిస్ట్ ఫోల్డర్‌ని ఎక్స్‌ప్రెస్సే అందిస్తుంది కాబట్టి ఆరిజిన్ ఒక్కటే అవుతుంది.

ఇక ఆ పెద్ద తప్పు. ఎస్ఎంఎస్ పంపే సీక్రెట్ కీని, సెట్టింగులు ఉంచే ఈఎన్‌వీ ఫైల్లో పెట్టాను, భద్రమే అనుకున్నాను. కానీ దాని పేరు ‘వీట్ అండర్‌స్కోర్’తో మొదలుపెట్టి, రియాక్ట్ కోడ్‌లో వాడేశాను. అలా వాడిన విలువని వీట్ బ్రౌజర్‌కి వెళ్లే బిల్డ్‌లోనే అచ్చుగుద్దేస్తుంది. డెవలపర్ టూల్స్ తెరిచి వెతికితే కీ మొత్తం కనిపించింది! ఫైల్ తీసేస్తే సరిపోదు. పాత కీ రద్దుచేసి కొత్తది తీసుకుని సర్వర్‌లో పెట్టాల్సి వచ్చింది.

[స్క్రీన్ మీద: ఆర్డర్ రిక్వెస్ట్‌లో 40 బదులు 4]

బిల్లు లెక్కదీ ఇదే కథ. బ్రౌజర్ పంపిన ధరని నమ్మితే 40 రూపాయల దోశ 4 రూపాయలకే పోతుంది. క్లయింట్ నుంచి ఐటమ్ ఐడీ, ఎన్ని కావాలో అంతే తీసుకోండి. ధర సర్వర్ తన డేటాబేస్‌లో చూసుకుంటుంది.