థోనిక్ ఆల్బమ్‌లు: ఏది ముందు వినాలి, ఏ భాషలో వినాలి

థోనిక్. తైవాన్ హెవీ మెటల్ బ్యాండ్. పేరు ఇంగ్లిష్‌లో రాస్తే మొదట్లో సి, హెచ్ కనిపిస్తాయి గానీ అవి పలకవు. థోనిక్ అంటే చాలు. పాతాళానికి చెందినది అని ఆ గ్రీకు మాటకి అర్థం. సొంత దేశంలో వీళ్లని షాన్‌లింగ్ అంటారు. 1995లో తైపేలో మొదలుపెట్టారు. పాడేది ఫ్రెడ్డీ లిమ్, బేస్ గిటార్ డోరిస్ యే, గిటార్ జెస్సీ లియు, డ్రమ్స్ డానీ వాంగ్, కీబోర్డ్ సీజే గావ్. ఈ ఫ్రెడ్డీ లిమ్ 2016లో తైవాన్ పార్లమెంటుకి కూడా ఎన్నికయ్యాడు. అది విని ఆశ్చర్యపోయేవాళ్లు ఉంటారు. వీళ్ల ఆల్బమ్‌లు తెలిసినవాళ్లకి అందులో వింతేమీ ఉండదు, ఎందుకో వింటూ పోతే మీకే తెలుస్తుంది.

చాలామంది ఎక్కడ దెబ్బతింటారంటే, 1999లో వచ్చిన మొదటి ఆల్బమ్ 'వేర్ ది యాన్సెస్టర్స్ సోల్స్ గ్యాదర్డ్' నుంచి వరసపెట్టి మొదలుపెడతారు. అందులో ఆవేశం ఉంది గానీ రికార్డింగ్ పలచన. 2000లో వచ్చిన 'నైన్త్ ఎంపైరియన్' కొంచెం మేలు, అంతే. రెండు ఆల్బమ్‌లు అయ్యేసరికి చెవులు అలిసిపోయి బ్యాండ్‌నే వదిలేస్తారు. ఈ రెండూ చివర్లో వినాల్సినవి. అప్పటికి మీకు ఈ బ్యాండ్ మీద ప్రేమ పుట్టి ఉంటుంది కాబట్టి లోపాలు అడ్డం రావు.

మొదలుపెట్టాల్సింది 2011 నాటి 'తకసాగో ఆర్మీ'తో. పది ట్రాకులు. మొదటిది 'ది ఐలాండ్', మాటల్లేని ప్రారంభం. అది నేరుగా 'లెగసీ ఆఫ్ ది సీడిక్'లోకి దూకుతుంది. అందుకే ప్లే నొక్కేముందు ఫోన్‌లో రెండు సెట్టింగులు చూసుకోండి. షఫుల్ ఆపేయండి. పాట చివర, తర్వాతి పాట మొదలు కలిపేసే క్రాస్‌ఫేడ్ ఉంటే సున్నాకి పెట్టండి. ఐదు సెకన్ల క్రాస్‌ఫేడ్ ఉన్నా ఆ దూకుడు మొత్తం పోతుంది, రెండు ట్రాకులు ఒకదాని మీద ఒకటి పడి గజిబిజి అవుతాయి.

ఇక కథ. తైవాన్ 1895 నుంచి 1945 దాకా జపాన్ చేతిలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి, అక్కడి ఆదివాసీ యువకుల్ని తకసాగో వాలంటీర్లన్న పేరుతో ఫిలిప్పీన్స్, న్యూగినీ అడవులకి పంపారు. అంతకి పన్నెండేళ్ల ముందు, అంటే 1930లో, జపాన్ సైన్యం ఏ సీడిక్ జాతిని ఊచకోత కోసిందో ఆ జాతి పిల్లలు కూడా ఆ దళాల్లో ఉన్నారు. ఆల్బమ్ నొప్పంతా ఇక్కడే ఉంది. తండ్రుల్ని చంపినవాడి జెండా కింద కొడుకు యుద్ధం చేస్తున్నాడు. మూడో పాట 'తకావో', కావ్‌శుంగ్ రేవుకి జపాన్‌వాళ్ల పేరు అది. ఆరోది 'కవోరు', తకసాగో వాళ్లతో కట్టిన ఒక దళం పేరు. ఏడోది 'బ్రోకెన్ జేడ్'. లొంగిపోకుండా చావడాన్ని జపాన్ సైన్యం పచ్చరాయి ముక్కలైపోవడంతో పోల్చేది, పాట పేరు అదే. ఈ వాలంటీర్లలో ఒకాయన యుద్ధం ముగిసిందని తెలియక ఇండోనేషియాలోని మొరోతాయ్ దీవి అడవిలో 1974 డిసెంబరు దాకా ఉండిపోయాడు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని 'బ్రోకెన్ జేడ్' మళ్లీ వినండి.

తొమ్మిదో పాట పేరు 'మహాకాల'. అవును, మన మాటే. బౌద్ధంతో పాటు ఉత్తరానికి, తూర్పుకి నడిచి వెళ్లిన మాట. ఇలాంటివి ఇంకా వస్తాయి.

ఇప్పుడు అసలైన చిక్కు, భాష. 2005 నాటి 'సీడిక్ బాలె' ఆల్బమ్ దగ్గర్నుంచి వీళ్ల పాటలు చాలావాటికి రెండు రికార్డింగులు ఉన్నాయి. ఒకటి ఇంగ్లిష్‌లో, ఒకటి తైవానీస్‌లో, అంటే ద్వీపంలో ఎక్కువమంది ఇళ్లలో పలికే హొక్కియన్‌లో. సంగీతం ఒకటే, గొంతు వేరు. వెతికితే ఏది ముందు వస్తుందో చెప్పలేం. పాటల పేర్లు చైనీస్ అక్షరాల్లో ఉంటే తైవానీస్‌ది అయ్యుండొచ్చు, కానీ యాప్‌లో భాష సెట్టింగును బట్టి పేర్లు మారిపోతుంటాయి కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. మాటలున్న మొదటి ట్రాకు పెట్టి చెవితోనే తేల్చుకోండి. అరుపు గొంతులో ఇంగ్లిష్ కూడా ముందు అర్థం కాదు, అందుకే ఇంగ్లిష్ సాహిత్యం పక్కన పెట్టుకుని పోల్చండి. రెండు లైన్లు కూడా కుదరకపోతే అది తైవానీస్‌దే.

తీసుకోవాల్సింది తైవానీస్‌దే. కారణం చెవికి సంబంధించింది. హొక్కియన్‌లో చాలా మాటలు ప్, త్, క్‌లతో టక్కున ఆగిపోతాయి. గాలి బయటికి రాదు, గొంతు తలుపేసినట్టు మూసుకుంటుంది. వీళ్ల ఇంకో ఆల్బమ్ పేరు, 'బూ-తిక్' అని పలికి చూడండి, చివరి క్ వదలకుండా లోపలే పట్టేయండి. ఆ ఆగడం స్నేర్ అనే డ్రమ్ దెబ్బ మీద పడుతుంది. ఇంగ్లిష్‌లో అదే చోట మాట సాగుతుంది, దెబ్బ మెత్తబడుతుంది. నష్టం లేదా అంటే ఉంది. హొక్కియన్‌లో స్వరం ఎత్తు మారితే అర్థం మారిపోతుంది, అరిచే గొంతులో ఆ ఎత్తుపల్లాలు మిగలవు. కాబట్టి ఆ భాష వచ్చినవాళ్లకి కూడా సాహిత్యం చేతిలో ఉండాల్సిందే. మనకి అర్థం కావడం లేదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఇంకో మాట. 1987 దాకా సాగిన మార్షల్ లా, అంటే సైనిక శాసనం కాలంలో బడిలో ఈ భాష మాట్లాడిన పిల్లలకి జరిమానాలు వేశారు, మెడలో పలకలు కట్టారు. ఆ భాషలో ఇంత గట్టిగా అరవడం ఉత్తి శైలి కాదు.

రెండో మెట్టు 2009 నాటి 'మిర్రర్ ఆఫ్ రెట్రిబ్యూషన్'. నిర్మాత అప్పట్లో అమెరికన్ మెటల్ బ్యాండ్ ఆంత్రాక్స్ గిటారిస్టు రాబ్ కాజియానో. చైనీస్ పేరుకి అర్థం 'పది కొలువులు', నరకంలోని పది న్యాయస్థానాలు. చేసిన పాపాలు చూపించే అద్దం మొదటి కొలువులో ఉంటుంది, ఇంగ్లిష్ పేరు అక్కడిది. వాళ్ల యెన్‌లువో మన యమధర్మరాజే, సంస్కృతం నుంచి వెళ్లిన పేరు. చావుపుట్టుకల పుస్తకం ఉంటుంది, చిత్రగుప్తుడి చిట్టా అనుకోండి. 1947లో ప్రభుత్వ సైన్యం వేలమందిని చంపుతుంటే, ఆ రాతనే మార్చడానికి ఒకడు నరకానికి వెళ్లి ఆ పుస్తకం దొంగిలించబోతాడు. కథ ఇది. దీనికి వెనకున్న ఘటన తైపేలో దొంగ సిగరెట్లు అమ్ముకునే ఒక ఆమెని 1947 ఫిబ్రవరి 27న అధికారులు కొట్టడంతో రాజుకుంది. మర్నాటి తేదీతో దాన్ని రెండు-ఇరవై ఎనిమిది అని పిలుస్తారు. ఇందులో సింగ్ లింగ్ గుడి పేరుతో ఒక ట్రాకు ఉంది. 'తకసాగో ఆర్మీ' ఆఖరి పాట కూడా ఆ గుడి దగ్గరే ముగుస్తుంది. రెండేళ్ల తేడాతో వచ్చిన ఆల్బమ్‌లని కట్టిన ముడి అదే, అందుకే వీటిని జంటగా వినమనేది.

ఇక్కడ వీళ్ల పాటల్లో వినిపించే హేనా సంగతి చెప్పాలి. హేనా అంటే ఎర్హూ, రెండు తీగల వాద్యం. చిన్న పెట్టెకి కొండచిలువ చర్మం బిగిస్తారు. కమాను వెంట్రుకలు రెండు తీగల మధ్య ఇరుక్కుని ఉంటాయి, విడిగా తీయలేరు. వయొలిన్‌కి ఉన్నట్టు వేళ్ల కింద పలక ఉండదు, తీగ గాల్లోనే నొక్కాలి, అందుకే స్వరం జారుతూ ఏడుపులా వస్తుంది. మామూలు శ్రుతిలో కింది తీగ దాదాపు 293 హెర్ట్జ్, పై తీగ 440. అంటే గిటార్లు, కిక్ డ్రమ్ గర్జించే చోటికి పైన అది పాడుతుంది. మెటల్ కదా అని ఈక్వలైజర్‌లో బేస్ పెంచేస్తే ఏమవుతుందంటే, ఫోన్ ఆ భారం మోయలేక మొత్తం శబ్దాన్ని తొక్కేస్తుంది, ముందు మాయమయ్యేది హేనా. ఈక్వలైజర్ ఆపేసి వినండి. ఫోన్ స్పీకర్ అసలొద్దు, అందులో డబుల్ కిక్ టైప్‌రైటర్‌లా టకటకలాడుతుంది.

మూడోది 2005 నాటి 'సీడిక్ బాలె'. సీడిక్ భాషలో 'నిజమైన మనిషి' అని. 2011లో ఇదే పేరుతో ఒక సినిమా వచ్చింది, కాబట్టి వెతికేటప్పుడు బ్యాండ్ పేరు కలిపి కొట్టండి. కథ 1930 అక్టోబరు 27న సీడిక్‌లు జపాన్ మీద చేసిన ఉషే తిరుగుబాటు, మోనా రుదావ్ నాయకత్వం. పాటల పేర్లలో 'గయ' కనిపిస్తే అది మన గయ కాదు, సీడిక్ పూర్వీకుల ధర్మం. 'ఊతుహ్' అంటే పూర్వీకుల ఆత్మ. ధర్మం తప్పనివాళ్లు చచ్చాక ఇంద్రధనుస్సు వంతెన దాటి ఆ ఆత్మల్ని కలుస్తారని వాళ్ల నమ్మకం. 2008 దాకా ప్రభుత్వం వీళ్లని వేరే జాతిగా గుర్తించనే లేదు, అతయల్ జాతిలో కలిపేసింది. ఆల్బమ్ ఆ గుర్తింపు కంటే మూడేళ్లు ముందుంది.

2013 నాటి 'బూ-తిక్' అంటే యుద్ధధర్మం. వీళ్ల ఆల్బమ్‌లలో అన్నిటికంటే సూటిగా, బిగువుగా ఉంటుంది, వ్యాయామం చేస్తూ కూడా వినొచ్చు. 2018 నాటి 'బ్యాటిల్‌ఫీల్డ్స్ ఆఫ్ అసుర' ఈ కథలన్నిటికీ ముందు కథ, దేవతలు నడిచే కాలం. అందులో లాంబ్ ఆఫ్ గాడ్ గాయకుడు రాండీ బ్లైత్, హాంకాంగ్ గాయని డెనిస్ హో ఒక్కో పాటలో గొంతు కలిపారు. పేరు చూసి ముందు దీన్ని పెట్టేయాలనిపిస్తుంది, ఆగండి. మిగతావి తెలియకపోతే సగం పోతుంది.

అరుపులు అస్సలు పడవు అనేవాళ్లకి 2014 నాటి 'టైమ్‌లెస్ సెంటెన్స్' ఉంది. పాత పాటల్నే కరెంటు గిటార్లు లేకుండా, మామూలు గొంతుతో మళ్లీ పాడారు. 'తకావో' ఒకసారి ఇందులో, వెంటనే అసలు ఆల్బమ్‌లో వినండి. అంత హోరు కింద ఇంత శుభ్రమైన రాగం ఉందా అనిపిస్తుంది. రాగం ఒకసారి చెవికి పట్టాక హోరులో కూడా దాన్ని వదలరు.

మిగిలింది 2002 నాటి 'రిలెంట్‌లెస్ రికరెన్స్'. దీనికి మరుసటి ఏడాది తైవాన్ గోల్డెన్ మెలడీ పురస్కారాల్లో ఉత్తమ బ్యాండ్ బహుమతి వచ్చింది. కథ తైనాన్ వైపు చెప్పుకునే ఒక దయ్యానిది. నమ్మినవాడు డబ్బంతా పట్టుకుని సముద్రం దాటిపోతే, ఒక వితంతువు మొగలిపొద దగ్గర ఉరేసుకుంది. రాత్రిళ్లు వచ్చి ఆకులో చుట్టిన అన్నం ఉండలు కొనుక్కునేది. తెల్లారి చూసుకుంటే అమ్మినవాడి చేతిలో నాణేల బదులు చచ్చినవాళ్లకి కాల్చే కాగితాలు ఉండేవి. ఆ దయ్యం కోసమైనా ఈ ఆల్బమ్ రాత్రిపూట, హెడ్‌ఫోన్లతో, మొదటి ట్రాకు నుంచి ఆఖరిదాకా ఆపకుండా వినండి.